సమురాయి నీతియు, రాయవేలూరి కోట కథయు

జపాను దేశపు సమురాయి వీరులను గూర్చి లోకమున వ్యాపించియున్న భావము చాలవరకు నితోబే ఇనాజో ఆంగ్లమున రచించి 1900లో ప్రకటించిన ‘బుషిదో’ గ్రంథమువలన కలిగినది. స్వామిభక్తి, సత్యవాక్కు, ధైర్యము, మానరక్షణకై ప్రాణత్యాగము అను గుణములను అతడు ఒక ధర్మశాస్త్రమువలె కూర్చి చూపెను. గ్రంథము మనోహరమే. కాని 1876లో సమురాయిలకు ఖడ్గధారణము నిషేధింపబడిన తరువాత అది పుట్టినది. అంతకు పూర్వపుదగు ‘హగకురే’ సయితము 18వ శతాబ్ది ఆరంభమున, దేశమున యుద్ధములు సమసి దాదాపు నూరేండ్లు గడచిన పిదప చెప్పబడినది. కత్తి ఒరలోనున్న కాలమున వ్రాసిన నీతిని, కత్తి దూసిన కాలపు నడవడితో సరిచూడవలసియున్నది. 1600లో సెకిగహరా రణమధ్యమున కొబయకావ హిదెయకి పక్షము మార్చెను. తొకుగావ ఇయెయాసు విజయమునకు అది ముఖ్యకారణమయ్యెను. అతడును సమురాయియే.

ఇట్టి పరీక్షకు వేలూరు, గుడియాత్తము ప్రాంతముల తెలుగువారు దూరము పోనక్కరలేదు. నిత్యము కన్నులయెదుట నున్న వేలూరి కోటయే సాక్షి. 1614లో వేంకటపతిరాయలు మరణించుటకు ముందు సోదరపుత్రుడగు శ్రీరంగరాయలను వారసునిగ నిర్ణయించెను. రాణి బంధువగు గొబ్బూరి జగ్గరాయడు కొందరు నాయకులను కూడగట్టుకొని, నూతన ప్రభువును సకుటుంబముగ చెరబెట్టెను. వెలుగోటి యాచమనాయకుడు లొంగక, ఒక రజకుని సాయముతో పండ్రెండేండ్ల రాజకుమారుడగు రామదేవుని చెరనుండి తప్పించెను. పిమ్మట శత్రువులు శ్రీరంగరాయలను ప్రాణత్యాగమునకు నిర్బంధింపగా, ఆయన భార్యను, చిన్నబిడ్డలను తన ఖడ్గముననే వధించి, తానును ఆ ఖడ్గమునకే బలియయ్యెనని పోర్చుగీసు పాదిరి మాన్యువల్ బర్రదాసు 1616 డిసెంబరులో కొచ్చిననుండి వ్రాసిన లేఖ చెప్పుచున్నది. రాబర్టు స్యూయెల్ ఆ లేఖను ఆంగ్లమున ప్రకటించినదియు 1900లోనే.

ఈ మరణమును చదువువారికి సమురాయిల ఆత్మహననము స్ఫురింపక మానదు. అంతమాత్రమున దీనిని వీరధర్మమునకు పరాకాష్ఠ యనుట పొరపాటు. చంపదలచినవారు చూపిన రెండు దారులలో నొకదానిని ఎన్నుకొనుట దైన్యము. దానిని వైభవముగ వర్ణించుట చదువరిని మోసపుచ్చుట. 1615లో ఓసకా కోట పడినపుడు తొయొతోమి హిదెయోరి ఆత్మహత్య చేసికొనెను. ఎనిమిదేండ్ల అతని కుమారుని విజేతలు శిరచ్ఛేదము గావించిరి. ఆ వంశమును ఏ నీతిశాస్త్రమును నిలుపలేదు. వేలూరిలో మాత్రము ఒక బాలుడు బ్రదికి, తోపూరు యుద్ధమున జగ్గరాయడు హతుడైన తరువాత రామదేవరాయలుగ రాజ్యమేలెను.

ఆ యుద్ధమున తంజావూరు రఘునాథనాయకుని పరాక్రమమును రామభద్రాంబ సంస్కృతమున ‘రఘునాథాభ్యుదయము’లో కీర్తించినది. ఆస్థానకావ్యమునకు ప్రభువు విజయమే ప్రాణము, తప్పు పట్టరాదు. కాని విజయమునకు ముందు బాలుని రక్షణము. రక్షించిన రజకుని పేరు బర్రదాసు లేఖలో లేదు. ఆతడు కత్తి పట్టలేదు, ఏ వీరకులమునను పుట్టలేదు. పట్టుబడినచో శిరస్సు పోవునని యెరిగియు మాట నిలుపుకొనెను. జగ్గరాయడో, రాజబంధువయ్యును స్వామిద్రోహియయ్యెను. మానము జన్మముతోను, ఆయుధముతోను వచ్చునను సిద్ధాంతము ఈ యిరువురి యెదుట నిలువదు.

ఈ ప్రాంతపు తెలుగు పిల్లలు నేడు సమురాయి కథలను చిత్రములలో చూచి ఆనందించుచున్నారు, చూడవచ్చును. అయితే ఈ కోట కథను కూడ వారికి చెప్పునపుడు వెలుగోటివారి ఖడ్గముతో ఆరంభింపక, చెరసాల వాకిట కావలివారిని దాటిపోయిన ఆ పేరులేని మనిషితో ఆరంభించుట న్యాయము.