వారసత్వం, కారుణ్యం, ఋణం: సింగరేణి ఉద్యోగ వాదంలో నీతి సిద్ధాంతాల పరీక్ష

తెలుగులో నీతి రచనకు దీర్ఘమైన సంప్రదాయం ఉంది. బద్దెన నీతిశాస్త్రముక్తావళి, మడికి సింగన సకలనీతిసమ్మతం, శతక కవుల పద్యాలు, పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక (1853) ఈ సంప్రదాయంలోని ప్రసిద్ధ ఘట్టాలు. ఈ రచనల్లో నీతి ప్రధానంగా రాజుకు, మంత్రికి, గృహస్థుకు, విద్యార్థికి చేసే బోధ. దేహాన్ని పనికి ఒప్పజెప్పి కుటుంబాన్ని పోషించే మనిషికి సమాజం ఏమి బాకీ పడుతుందన్న ప్రశ్న అందులో అరుదు. ఆ ప్రశ్న తెలుగు నేలపై అతి తీవ్రంగా వినిపించిన చోట్లలో రామగుండం, గోదావరిఖని బొగ్గుబెల్టు ఒకటి. సింగరేణి వారసత్వ ఉద్యోగాల వివాదం ఉద్యోగ నియమాలకు మాత్రమే సంబంధించినది కాదు. పరస్పరం పోటీపడే నీతి సిద్ధాంతాలకు అది నిజమైన పరీక్షాస్థలం. ఆ వాదంలో వాడుకలో ఉన్న మూడు నాలుగు మాటలను నిశితంగా చదివితే, కార్మికుడి పక్షాన ఉన్న బలమైన న్యాయం బలహీనమైన మాట చాటున దాగిపోయిందని తెలుస్తుంది. ఈ వ్యాసం పరిశీలించేది ఆ సంగతినే.

వాదం పుట్టిన నేల

1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదైన సంస్థ నేడు తెలంగాణ ప్రభుత్వం 51 శాతం, కేంద్ర ప్రభుత్వం 49 శాతం వాటాతో నడిచే ప్రభుత్వ రంగ సంస్థ. 1990ల ఆరంభంలో లక్షకు పైబడిన కార్మికుల సంఖ్య తరువాతి మూడు దశాబ్దాల్లో 40 వేల దరిదాపుకు తగ్గింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మట్టి తొలగింపు వంటి పనులు కాంట్రాక్టు కార్మికుల చేతికి వెళ్లాయి. ఈ విధంగా పర్మినెంటు నౌకరి అరుదైన వస్తువు కావడంతో దానిపై హక్కు ఎవరిదన్న ప్రశ్నకు పదును పెరిగింది.

కార్మికుడు పదవీ విరమణకు ముందే తప్పుకొని తన స్థానంలో కుటుంబసభ్యుడికి ఉద్యోగం ఇప్పించుకునే పద్ధతి పూర్వం ఉండి, తెలంగాణ ఏర్పడక ముందే నిలిచిపోయింది. దాని పునరుద్ధరణ కార్మిక సంఘాల ఎన్నికల్లో ప్రధాన హామీగా మారింది. 2016 చివర సంస్థ ఆ పథకాన్ని తిరిగి ప్రకటించింది. ఒక నిరుద్యోగ యువకుడు దానిని సవాలు చేశాడు. 2017 మార్చిలో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు, రాజ్యాంగం 14, 16 అధికరణాల్లో చెప్పిన సమానత్వానికి, సమాన అవకాశానికి ఈ పథకం విరుద్ధమని కొట్టివేసింది. సుప్రీంకోర్టులోనూ ఆ తీర్పు మారలేదు. ఆ తరువాత మరణం, వైద్యపరమైన అనర్హత ఆధారంగా ఇచ్చే కారుణ్య నియామకాలే మిగిలాయి. జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలోని 9.3, 9.4 నిబంధనలు మరణించిన, శాశ్వతంగా అశక్తుడైన కార్మికుడి ఆశ్రితులకు ఉద్యోగం గురించి ముందునుంచే చెబుతున్నాయి.

ఈ చరిత్రలో గమనించవలసిన అంశం ఒకటుంది. పథకాన్ని కోరినది కార్మిక కుటుంబం, ప్రశ్నించినది ఉద్యోగం లేని యువకుడు. ఇక్కడ పీడకుడికి, పీడితుడికి మధ్య గీత గీయడం సులభం కాదు. రెండు పక్షాలకూ న్యాయం ఉన్నప్పుడే నీతి సిద్ధాంతాల అవసరం నిజంగా కలుగుతుంది.

మాటలు మోసే నీతి

వారసత్వం ఆస్తికి సంబంధించిన మాట. భూమి, ఇల్లు, బంగారం వారసత్వంగా వస్తాయి. ఉద్యోగానికి ఈ మాటను అన్వయించినప్పుడు ఉద్యోగం తండ్రి సొత్తు అన్న భావన వెంట వస్తుంది. కారుణ్యం దీనికి భిన్నం. కరుణ చూపేవాడు పైన, పొందేవాడు కింద ఉంటారు. కరుణ హక్కు కాదు, దయ. డిపెండెంట్ అన్న మాట కుటుంబాన్ని ఒక వ్యక్తి సంపాదనకు అనుబంధంగా మారుస్తుంది. అన్‌ఫిట్ అన్న మాట మనిషి దేహాన్ని యంత్రభాగం వలె పనికివస్తుంది, పనికిరాదు అన్న రెండు గదుల్లో పడవేస్తుంది.

ఈ నాలుగు మాటల్లో ఏదీ కార్మికుడి వాదనను సరిగా పలకదు. బొగ్గుబాయిలో పనిచేసిన కుటుంబాల మాటల్లో అంతర్లీనంగా ఉన్న భావం వేరు: ఈ దేహం ఇక్కడ అరిగింది, దానికి బదులు రావాలి. ఈ భావానికి తెలుగులో సరైన పేరు ఋణం. వ్యవహారంలో బాకీ. భారతీయ సంప్రదాయంలో పితృఋణం తండ్రికి కొడుకు తీర్చవలసినది. బొగ్గుబెల్టు వాదనలో ఆ దిశ తారుమారైంది. తండ్రికి సమాజం పడిన బాకీని కొడుకు చేతికి తీర్చమని అడుగుతున్నారు. వాదనలోని కొత్తదనం, బలం రెండూ ఇందులోనే ఉన్నాయి.

సిద్ధాంతాల తూకం

బెంథామ్, మిల్ ప్రతిపాదించిన ప్రయోజనవాదం ఫలితాల మొత్తాన్ని చూస్తుంది. వారసత్వ నియామకం వల్ల ఒక కుటుంబానికి నిలకడ కలుగుతుంది, వయసు మీరిన కార్మికుడి స్థానంలో యువకుడు వస్తాడు. కాని అదే ఉద్యోగానికి అర్హుడైన మరో యువకుడు అవకాశం కోల్పోతాడు. రెండు కుటుంబాలూ పేదవే అయినప్పుడు ఎవరి సుఖం ఎక్కువ తూగుతుందో ఈ తక్కెడ చెప్పలేదు. పైగా ప్రయోజనవాదం ముందుచూపు గలది. తండ్రి ముప్పై ఏళ్లు ఏమి ఇచ్చాడన్న గతానికి అందులో స్వతహాగా విలువ లేదు. ఋణవాదన మొత్తం గతంపైనే నిలిచింది. అందువల్ల ఈ సిద్ధాంతం వాదానికి తీర్పు చెప్పకపోగా వాదంలోని కీలకాంశాన్నే గుర్తించదు.

రాల్స్ 1971లో ప్రకటించిన న్యాయ సిద్ధాంతం మరో పరీక్ష పెడుతుంది. తాను పర్మినెంటు కార్మికుడి ఇంట పుడతాడో, కాంట్రాక్టు కార్మికుడి ఇంట పుడతాడో, ఓపెన్‌కాస్టు కింద పొలం పోయిన ఊరిలో పుడతాడో తెలియని మనిషి ఏ నియమాన్ని ఎంచుకుంటాడు? పుట్టుకను బట్టి ఉద్యోగం ఇచ్చే నియమాన్ని అతడు ఎంచుకోడు. అయితే ప్రమాదకరమైన పనిచేసే ప్రతివాడికీ వైద్యం, పింఛను, పిల్లల చదువు, మరణిస్తే కుటుంబానికి ఆసరా దక్కాలని మాత్రం తప్పక కోరుకుంటాడు. న్యాయస్థానం చెప్పిన సమానత్వం ఈ దృష్టికి దగ్గరది. కాని తీర్పు నియమంలోని మొదటి సగాన్నే అమలు చేయగలదు. రెండో సగాన్ని సమాజం నెరవేర్చకుండా మొదటి సగాన్ని మాత్రమే ప్రకటిస్తే, ఆ సమానత్వం కార్మిక కుటుంబానికి నష్టంగానే అనుభవంలోకి వస్తుంది.

1982లో కరోల్ గిలిగన్ గ్రంథంతో ప్రాచుర్యం పొందిన సంరక్షణ నీతి, నైరూప్య నియమాలకంటె సంబంధాలకు విలువనిస్తుంది. తన పిల్లలను ముందు చూసుకోవడం తండ్రికి పక్షపాతం కాదు, ధర్మం. ఈ దృష్టి కార్మికుడి ప్రవర్తనను బాగా వివరిస్తుంది. కాని తండ్రికి ధర్మమైనది సంస్థకు ధర్మం కానక్కరలేదు. ప్రజల సంస్థకు పక్కింటి పిల్లవాడూ బిడ్డే.

అన్‌ఫిట్: అబద్ధమా, అసంపూర్ణ సత్యమా

వారసత్వ పథకం పోయి వైద్యపరమైన అనర్హత ఒక్కటే దారిగా మిగిలినప్పుడు నైతిక సంక్షోభం మరింత లోపలికి వెళ్లింది. కొడుకుకు నౌకరి రావాలంటే తండ్రి రోగి కావాలి. మెడికల్ బోర్డు ముందు ఆరోగ్యం శాపం, రోగం వరం అవుతాయి. ఈ స్థితిలో నడవగలిగిన కార్మికుడు నడవలేనని చెబితే అది ఏ నీతి?

కాంట్ సమాధానం స్పష్టం. 1797లో రాసిన వ్యాసంలో ఆయన, పరోపకార బుద్ధితో చెప్పినా అబద్ధం అబద్ధమేనని వాదించాడు. అందరూ ఇలాగే చెబితే ధ్రువపత్రానికి విశ్వాసం ఉండదు. చివరకు నిజమైన రోగి సైతం అనుమానానికి గురవుతాడు. ఈ వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. కాని అది ఒక విషయాన్ని ముందే ఒప్పుకొని మొదలవుతుంది: సత్యాన్ని చెప్పడానికి తగిన మాటలు ఆ కార్మికుడికి అందుబాటులో ఉన్నాయని.

వాస్తవంలో లేవు. బోర్డు అడిగేది ఫిట్, అన్‌ఫిట్ అన్న రెండు మాటలు. ముప్పై ఏళ్లు వాలు దారుల్లో దిగి ఎక్కిన మోకాళ్లు, ధూళి పీల్చిన ఊపిరితిత్తులు, యంత్రాల హోరు విన్న చెవులు ఈ రెండు మాటల నడుమ ఎక్కడో ఉంటాయి. అరుగుదల గీత కాదు, వాలు. కార్మికుడు తాను అన్‌ఫిట్ అన్నప్పుడు వైద్యశాస్త్ర ప్రమాణంలో అది అసత్యం కావచ్చు. తన దేహం పొందిన నష్టం గురించి అది అసంపూర్ణ సత్యం. దీనివల్ల అబద్ధం ఒప్పు కాదు. కాని నైతిక బాధ్యత ఒక్కరిపైనే ఉండదు. రోగాన్ని తప్ప మరే బాకీనీ గుర్తించని నియమం మనిషికి రోగాన్ని నేర్పుతుంది.

తెలుగు విమర్శకు ఈ అవగాహన కొత్త కాదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఆరు సారా కథలు మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లుకున్న అబద్ధాల లోకాన్ని చూపాయి. పోలీసులు, వకీళ్లు, సాక్షులు, సారా అమ్మే పేదలు నిండిన ఆ లోకంలో అబద్ధం వ్యక్తి స్వభావ దోషంగా మాత్రమే కాక, వ్యవస్థ ఉత్పత్తిగా కనిపిస్తుంది. మెడికల్ బోర్డు ముందు నిలిచిన మనిషిని చదవడానికి విమర్శకుడికి ఆ దృష్టి అవసరం.

ఋణవాదన ఎంతవరకు నిలుస్తుంది

ఋణం అన్న మాటను స్వీకరిస్తే కార్మికుడి వాదన బలపడుతుంది. దానితోపాటు ఆ వాదనకు హద్దులూ ఏర్పడతాయి. చనిపోయినవాడికి రావలసిన బాకీ వారసులకు చెందుతుంది, ఇది లోకవ్యవహారమే. అయితే వారసత్వంగా వచ్చేది బాకీ, పదవి కాదు. పదవి ప్రజలది. మరి కుటుంబాలు డబ్బుకు బదులు నౌకరినే ఎందుకు కోరతాయన్న ప్రశ్నకు బొగ్గుబెల్టు జీవితమే జవాబు. నౌకరి అంటే క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, అప్పు పుట్టే పరపతి, పెళ్లి సంబంధం. ఒక్కసారిగా వచ్చిన డబ్బు కరిగిపోతుంది, నౌకరి కరగదు. పోషకుడు మరణించిన, మంచాన పడిన ఇంటికి ఉద్యోగమే బాకీ తీర్చే తగిన రూపమని వేతన ఒప్పందం అంగీకరించడంలో ఈ జ్ఞానం ఉంది. అటువంటి ఆపద లేని ఇంటికి అదే రూపాన్ని విస్తరించినప్పుడు బాకీ ఆస్తిగా మారుతుంది.

రెండో హద్దు కాంట్రాక్టు కార్మికుడు. దేహం అరగడమే ఋణానికి ఆధారమైతే, అదే దుమ్ములో తక్కువ కూలికి పనిచేసేవాడి దేహమూ అరుగుతుంది. మస్టరులో పేరు ఏ వరుసలో ఉందన్నదాన్ని బట్టి ఊపిరితిత్తులు దుమ్మును వేరుగా పీల్చవు. అతడిని బయట ఉంచే ఋణవాదన తన ఆధారాన్ని తానే కాదనుకుంటుంది.

మూడో హద్దు భాషలోనే ఉంది. వారసుడు పుంలింగం. వారసత్వ వాదంలో కొడుకు, అల్లుడు, తమ్ముడు అన్న వరుసలే ప్రధానంగా వినిపించాయి. కూతురి భర్తకు చోటు దొరికి, కూతురికి దొరకకపోవడం యాదృచ్ఛికం కాదు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భంలో పనికి నిషేధించింది. 2019లో కేంద్ర ప్రభుత్వం షరతులతో ఆ నిషేధాన్ని సడలించింది. వేతన ఒప్పందంలోని 9.5 నిబంధన స్త్రీ ఆశ్రితులకు ఉద్యోగానికి ప్రత్యామ్నాయంగా నెలవారీ పరిహారాన్ని చూపింది. కాని తండ్రి అరుగుదల వల్ల కలిగిన లోటును ఇంట్లో భరించినది ఎక్కువగా భార్య, కూతురు. సంరక్షణ నీతిని నిజంగా పాటిస్తే బాకీ లెక్కలో మొదటి పేరు వారిది కావాలి.

సాహిత్య విమర్శ చేయవలసిన పని

అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితల కథా సాహిత్యం మొదలుకొని కార్మికుల పాటల దాకా బొగ్గుబెల్టు నుంచి వచ్చిన రచనను విమర్శ ఎక్కువగా పోరాట సాహిత్యంగా చదివింది. ఆ పఠనం అవసరమైనదే. యాజమాన్యానికి, కార్మికుడికి నడుమ ఉన్న వైరుధ్యాన్ని అది వెలుగులోకి తెచ్చింది. కార్మికుడికి, నిరుద్యోగికి నడుమ, పర్మినెంటుకు, కాంట్రాక్టుకు నడుమ, కొడుకుకు, కూతురికి నడుమ ఉన్న నైతిక ఘర్షణకు అందులో తగిన చోటు దక్కలేదు.

ఆ చోటు కల్పించడానికి కాలదృష్టి మారాలి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. అదే ఏడాది అక్టోబర్ 16న 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. ఇటువంటి ఘటనలకు తేదీ ఉంటుంది, విచారణ ఉంటుంది, పరిహారం ఉంటుంది. మెల్లగా జరిగే అరుగుదలకు తేదీ లేదు. నివేదిక దానిని నమోదు చేయలేదు, ధ్రువపత్రం రెండు మాటల్లో ముగిస్తుంది, తీర్పు దాని జోలికి వెళ్లదు. ముప్పై ఏళ్ల కాలాన్ని ఒక దేహంలో చూపగల ప్రక్రియలు కథ, నవల. బొగ్గుబెల్టు కథను చదివేటప్పుడు ఎవరు గెలిచారన్న ప్రశ్నతోపాటు ఎవరి దేహం ఎంత అరిగింది, ఆ లెక్క ఎవరి పేరున రాశారు అన్న ప్రశ్నలను విమర్శ వేయాలి.

ముగింపు

సింగరేణి ఉద్యోగ వాదంలో ప్రయోజనవాదం గతాన్ని చూడలేకపోయింది. సమానత్వ న్యాయం సరైన నియమం చెప్పి, దానికి జత కావలసిన బాధ్యతను సమాజానికి వదిలింది. సంరక్షణ నీతి తండ్రిని అర్థం చేసుకుంది, పక్కింటి బిడ్డను మరిచింది. కర్తవ్యవాదం అబద్ధాన్ని గుర్తించింది, సత్యానికి మాటలు కరువైన స్థితిని గుర్తించలేదు. వీటి నడుమ ఋణం అన్న తెలుగు మాట కార్మికుడి హక్కును దయ స్థాయి నుంచి లేపి నిలబెడుతుంది, అదే సమయంలో దానిని ఆస్తి కాకుండా ఆపుతుంది. వారసత్వం అని అడిగినప్పుడు న్యాయస్థానం కాదనగలిగింది. బాకీ అని అడిగితే కాదనడం కష్టం. అయితే ఆ మాటతో అడిగేవారు కాంట్రాక్టు కార్మికుడిని, ఇంటి ఆడబిడ్డను వెంటబెట్టుకొని రావలసి ఉంటుంది.