“మాయకా” శబ్దార్థ విచారము

హిమాలయములందలి చమోలీ మండలమున రైణీ యను గ్రామము గలదు. 1974వ సంవత్సరము మార్చి 26వ తేదీని, పురుషులు సైన్యము గైకొనిన భూముల పరిహారమునకై చమోలీకిఁ బోయియుండఁగా, గుత్తదారుని కూలీలు సుమారు 2,500 చెట్లను నఱకుటకై వచ్చిరి. భోటియా తెగకుఁ జెందిన గౌరాదేవియుఁ దక్కిన స్త్రీలును వారి నడ్డగించి మరలించిరి. ఆ యరణ్యము తమ “మాయకా” యని యామె పలికినట్లు ప్రసిద్ధి. ఈ పదము మాతృశబ్దభవము, తెనుఁగునఁ బుట్టినిల్లు.

ఈ ప్రయోగమును బలువు రలంకారముగాఁ గొనియాడుదురు. వారి పక్ష మిది: అరణ్యము గృహము గాదు, గౌరాదేవి పుట్టినయూరు లాతా, మెట్టినయూరు రైణీ. కావున ముఖ్యార్థమునకు బాధ గలిగి, సాదృశ్యమూలకమగు గౌణలక్షణ సిద్ధించుచున్నది.

ఇది విచారసహము గాదు. వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱు. గమనార్థముచే నేర్పడిన గోశబ్దము పరుండిన యావునందును బ్రవర్తించును గదా! అట్లే పుట్టినింటికిఁ బుట్టుక వ్యుత్పత్తినిమిత్తమాత్రము. ఆపదలో నాదుకొనుటయు, ఆఁడుపడుచునకుఁ ద్రోసివేయరాని యధికార ముండుటయు ప్రవృత్తినిమిత్తము. 1962 యుద్ధముతో టిబెట్టు వర్తకము నిలిచిపోయిన యా తెగకు వంటచెఱకును, పసులమేతను నిచ్చినది యరణ్యము. కొండచఱియను బట్టి నిలిపినవి దాని వేళ్లు. 1970లో నలకనంద పొంగినపుడు, చెట్లు గొట్టిన కొండలు జాఱుటను అచటివారు చూచిరి. ఇఁక ముఖ్యార్థబాధ యెక్కడిది?

శకుంతలకును దరువులు బంధువులే; నాలవ యంకమున నవి వస్త్రాభరణముల నొసఁగును. కాని యామె పుట్టినింటిని విడిచిపోయెను. రైణీ స్త్రీలు మెట్టినయూరనుండియే పుట్టినింటిని గాచుకొనిరి. అందుఁ గరుణము, ఇందు వీరము.

ఈ భేదము పండితవినోదమాత్రము గాదు. ఆ మండలముననే 1973లో, సేద్యపుఁ బనిముట్లకై గ్రామస్థు లడిగిన వృక్షములు వారికి నిరాకరింపఁబడి, అలహాబాదులోని క్రీడాసామగ్రి సంస్థ కొకదానికిఁ గేటాయింపఁబడెను. అలంకారమును మెచ్చుకొనుచునే చెట్టును గొట్టవచ్చును. వాచ్యార్థము నంగీకరించినచో నధికారము నంగీకరింపక తప్పదు. రైణీ ఘటనపిమ్మట నచట నఱకుట కొంతకాలము నిషేధింపఁబడెను. కాని స్త్రీల యధికార మంగీకృతము గాలేదు. తరువాత ఋషిగంగపై జలవిద్యుత్కేంద్రము వెలసెను. దానిపై 2019లో గ్రామస్థులు న్యాయస్థానమున మొఱపెట్టిరి. 2021 ఫిబ్రవరి 7వ తేదీనాఁటి వఱద దానిని ధ్వంసము చేసెను. ఆ లోయలో మృతులును, కానరాకపోయినవారును రెండువందలకు మించిరి. ఆ జూన్ నెలలో నేల కోసికొనిపోవుటచే గౌరాదేవి విగ్రహమునే రైణీనుండి తొలగింపవలసివచ్చెను.

కావున నీ వాక్యమును దెనిఁగించువారు “పుట్టినిల్లు” అనియే వ్రాయవలెను. “పుట్టినింటివంటిది” యని యివార్థమును జేర్పరాదు.