భద్రాచలంలో ఎన్ని అక్షరాలు?

భద్రాచలం అని రాసి అక్షరాలు లెక్కపెట్టమంటే ఒకటో తరగతి పిల్ల నాలుగంటుంది. కంప్యూటర్ భాష పైథాన్ ఎనిమిదంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు.

ఖమ్మంలో ఐటీ విద్యార్థులకు సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ చెబుతూ కూడా చాలా ఏళ్లు ఈ సంగతి క్లాసులో ఎత్తనే లేదు నేను. ఉదాహరణలన్నీ ఇంగ్లిష్‌లో ఉండేవి, వాటితోనే సరిపెట్టాను. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి చదువుకునే ఒక అమ్మాయి ప్రాజెక్టు చూశాక ఆ లోటు తెలిసొచ్చింది.

వాళ్లమ్మ ఎండాకాలం తునికాకు కోస్తుంది. 50 ఆకులు పేర్చి కడితే ఒక కట్ట. ఆకు కొనే కల్లంలో అప్పజెబితే అక్కడి కల్లేదారు కట్టల లెక్క పుస్తకంలో రాసుకుంటాడు. ఆ లెక్క ఇంట్లోనూ ఉండాలని అమ్మాయి చిన్న ప్రోగ్రామ్ రాసింది. అమ్మ కూడబలుక్కుని చదవగలిగేది తెలుగే కాబట్టి మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులోనే పెట్టింది. పేర్ల పక్కన కట్టల అంకెలు ఒకదాని కింద ఒకటి నిలువుగా రావాలి. పేరులో అక్షరాల లెక్కను బట్టి ఖాళీలు పెట్టింది, ఒక్క వరుసా కుదరలేదు.

కారణం వెతుకుతూ ఇద్దరం కూర్చుని భద్రాచలాన్ని విప్పాం. భ, ద, పొల్లు, ర, దీర్ఘం, చ, ల, సున్నా. యూనికోడ్‌లో దేని సంఖ్య దానిదే. మనం క్రావడిగా రాసేది లోపల పొల్లు పక్కన నిలబడ్డ మామూలు ర. అది చూసి ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. అయినా 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఒక రూపంలో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. పలక మీద ఈ గుణింతాలు దిద్దినవాళ్లు ఆపిల్ లాంటి చోట్ల పరీక్షించే పనిలో ఇంకా ఎక్కువ మంది ఉండాలని నా కోరిక. అందుకే ఇప్పుడు మొదటి వారంలోనే ఎవరి ఊరి పేరు వాళ్లచేత విప్పిస్తున్నాను.

అమ్మాయి అక్షరాన్ని అక్షరంగా లెక్కపెట్టేలా మార్చింది. అయినా వరుస వంకరే, ‘ఘ’కున్న వెడల్పు ‘ర’కు లేదు మరి. చివరికి ఖాళీలు లెక్కపెట్టడం మానేసి గడుల పట్టిక చేసింది. శనివారం ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపించింది. ఆమె వేలు పెట్టి తన వరుస చివరిదాకా చదివి, ‘‘తిరగ్గొట్టిన కట్టలు ఏ గడిల రాసినవ్ బిడ్డా?’’ అని అడిగిందట.

ఆ గడి లేదు. సోమవారం ల్యాబ్ తెరిచేసరికే వచ్చి కూర్చుంది, పట్టిక మళ్లీ మొదటి నుంచి వేసుకుంటూ.