కొండబడి పిల్లలకు ఏ పుస్తకాలు?

మన విమర్శకులు నవలను గురించీ, వచన కవిత్వాన్ని గురించీ ఎంతో తర్కించారు గాని, బడిపిల్లల చేతిలోని పుస్తకాన్ని గురించి తర్కించింది తక్కువ. అది పంతుళ్ళ పని అనీ, పాఠ్యపుస్తక సంఘాల పని అనీ వదిలివేశాం. కాని ఒక సమాజం తన పిల్లలకు ఎవరి కథ చెబుతున్నది, ఎవరి కథను దాటవేస్తున్నది అన్నది వట్టి బోధనా సమస్య కాదు. అది సాహిత్య సమస్య. అంతకన్న ముందు సామాజిక సమస్య. అరకు లోయనూ, దాని చుట్టూ వున్న తూర్పు కనుమల గిరిజన గ్రామాలనూ దృష్టిలో పెట్టుకొని, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు పుస్తకాలు ఎంచటానికి కొలబద్ద ఏమిటో ఇక్కడ పరిశీలించదలచాను.

ముందు వాస్తవ పరిస్థితి చూద్దాం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో బడి భాష తెలుగు, ఇంగ్లీషు. ఇంటి భాషలు వేరు. కువి, కొండ భాషలు ద్రావిడ భాషలు. గదబలలో ఒక శాఖవారిది ద్రావిడ భాష, మరొక శాఖవారిది ముండా భాష. సంతల్లో ఒకరినొకరు పలకరించుకొనే ఆదివాసీ ఒరియా ఆర్యభాషా కుటుంబానికి చెందినది. ఒక్క లోయలో మూడు భాషా కుటుంబాలు! కూబి అని కూడా పిలిచే కొండ భాషను గురించి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన గ్రంథం 1969లోనే వెలువడింది. 2011 జనాభా లెక్కల్లో ఆ భాషను మాతృభాషగా చెప్పుకున్నవారు 60 వేల పైచిలుకు. కాని పండితుడి చేతికి వ్యాకరణం వచ్చినంత మాత్రాన పిల్లవాడి చేతికి కథల పుస్తకం రాదు.

ఈ సంగతి మనలో అందరికన్న బాగా ఎరిగినవారు గిడుగు రామమూర్తి పంతులు. అరకుకు ఈశాన్యంగా, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వున్న రోజుల్లో ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బళ్ళు నడిపించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. మనం గమనించవలసిన విషయం ఏమంటే, సవర భాషలో ఆయన కృషి వాడుక భాషోద్యమం కన్న ముందే మొదలయింది. నోటి భాష వేరు, చదువు భాష వేరు అయినప్పుడు నష్టపోయేది పిల్లలే అన్న సత్యం ఆయనకు కొండల మీదనే బోధపడి వుంటుంది. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన వాదంలో మనకు పనికివచ్చిన సగాన్ని తీసుకొని, సవర పిల్లవాడికి పనికివచ్చే సగాన్ని వదిలివేశాం. గ్రాంథికం తెలుగు పిల్లవాడికి గుదిబండ అయినట్లే, మన శిష్టవ్యావహారికం కువి పిల్లవాడికి గుదిబండ కాదా?

కనుక మొదటి పరీక్ష భాష. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది నిర్దేశిస్తున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు తయారుచేసి బళ్ళలో ప్రవేశపెట్టారు. ఇది గొప్ప ముందడుగు. అయితే పిల్లవాణ్ణి క్రమంగా తెలుగులోకి మార్చటం ఆ పథకం స్వభావం. అటువంటప్పుడు మాతృభాష ఏరు దాటించే తెప్ప అవుతుంది గాని, కాపురముండే ఇల్లు కాదు. వాచకం వేరు, పుస్తకం వేరు. వాచకాన్ని పంతులు చదివిస్తాడు. పుస్తకాన్ని పిల్లవాడు తనకు తాను చదువుకుంటాడు. ఇంటి భాషలో ఆ రెండో పుస్తకం లేకపోతే, తన భాష ఒకటో తరగతికి మాత్రమే తగినదని ఆ పసివాడు అనుకోడా?

రెండో పరీక్ష: కథలో కొండమనిషికి దక్కిన స్థానం ఏమిటి? 1947లో వెలువడిన 'చందమామ'ను మూడు తరాల తెలుగు పిల్లలు ఆత్రంగా చదివారు. హేతువాది, అభ్యుదయవాది అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి దాని సంపాదకత్వ బాధ్యత మోశారు. భాషను సూటిగా, తేటగా తీర్చటంలో ఆ పత్రిక చేసిన మేలు ఎన్నదగినది. అయినా ఆ కథల్లో అడవి సాధారణంగా మాంత్రికుడికీ, రాక్షసుడికీ, మునికీ నివాసం. వీరుడు పట్నం నుంచి అడవికి వెళ్ళి, గెలిచి, తిరిగి పట్నం చేరుకుంటాడు. అడవే ఇల్లయిన పిల్లకు ఆ కథలో నిలవటానికి చోటేదీ?

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 1962 నుంచి 1964 వరకు వెలువడిన 5,206 పిల్లల పుస్తకాలను పరిశీలించి, నల్లజాతివారు కనిపించే పుస్తకాలు నూటికి ఏడు కూడా లేవని 1965లో ప్రకటించారు. మన బడి బీరువాల్లో అటువంటి లెక్క తీసే పనిని విద్యార్థి సంఘాలు చేపట్టవచ్చు. అయితే బొమ్మల్లో తలలు లెక్కపెడితే చాలదు. పర్యాటకుల కోసం అచ్చువేసే ప్రచార పత్రాల్లో థింసా నాట్యం బొమ్మ కావలసినన్ని సార్లు కనబడుతుంది. అక్కడ గిరిజనులు ఆడుతారే గాని మాట్లాడరు.

పోరాటాన్ని కీర్తించే మన పుస్తకాలలోనూ ఈ లోపం లేకపోలేదు. 1922-24 మన్యం తిరుగుబాటు కథలో మనం పిల్లలకు సీతారామరాజును చూపిస్తాం. గాం గంటందొర, మల్లుదొర సోదరులను అనుచరుల వరుసలో నిలబెడతాం. ఆ మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తిరుగుబాటు నుంచి పార్లమెంటు దాకా సాగిన ఆ జీవితం పిల్లలకు చెప్పదగిన కథ కాదా? నాయకుడు మైదానం నుంచే రావాలన్న భావాన్ని మనం తెలియకుండానే పసిమనసుల్లో నాటుతున్నాం.

మూడో పరీక్ష శ్రమ, ప్రశ్న. మహాశ్వేతాదేవి రాసిన 'ది వై-వై గర్ల్' అనే చిన్న పుస్తకంలో మొయినా అనే శబర బాలిక మేకలు కాస్తూ, నీళ్ళు మోస్తూ, అడిగిన ప్రశ్న అడగకుండా అడుగుతుంది. ప్రకృతిని గురించి అడిగిన నోటితోనే భూస్వామిని గురించీ అడుగుతుంది. పేదరికాన్ని చూసి జాలిపడమని ఆ పుస్తకం కోరదు, ఆలోచించమంటుంది. కంచ ఐలయ్య పిల్లల కోసం శ్రమ గౌరవాన్ని గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకం (2007) ఆదివాసులతోనే మొదలవుతుంది: ఏది తినదగినదో, ఏది కాదో కనిపెట్టిన తొలి శాస్త్రజ్ఞులు వారే. దానికి బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యాం అనే గోండు చిత్రకారిణి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' వరుస కూడా, బడి పుస్తకాల్లో చోటు దొరకని కులాల, మతాల పిల్లలను కథ నడుమకు తెచ్చింది. చోడి అంబలి, పోడు, అడ్డాకులు, మిరియం తీగ కింద కాఫీ తోట — ఇవి కథలో అలంకారాలుగా గాక బతుకుతెరువుగా కనిపించాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వుంది. కొండపిల్లలకు కొండ కథలే ఇస్తే వారిని కొండల్లోనే కట్టివేసినట్టు కాదా? వారికి ఇంగ్లీషు వద్దా, ప్రపంచం వద్దా? ఇది తోసివేయదగిన వాదం కాదు. ఆ తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవటంలో న్యాయమైన ఆశ వుంది. మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాల ద్వారా మనలో ఎందరో పిల్లలు మంచునూ, ఎలుగుబంటినీ, రష్యా పల్లెనూ ప్రేమించారు. ఎక్కడి కథ అయినా పిల్లవాడిదే. కాని కిటికీలోంచి లోకాన్ని చూడాలంటే ముందు కాలు పెట్టటానికి ఇల్లు వుండాలి. పైగా ఈ ప్రశ్నను తిప్పి అడగాలి: విశాఖలో, విజయవాడలో చదివే పిల్లవాడికి కువి కథ అక్కర్లేదా? వోల్గాను ఎరిగినవాడికి మాచ్‌ఖండ్ తెలియకపోవటం విశాల దృష్టి ఎట్లా అవుతుంది? గిరిజన పుస్తకాలను గిరిజన బళ్ళకే పంపటం వూరి చివర మరో గుడిసె వేయటమే.

ఈ ఎంపికకు ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుడే ఆధారం. షెడ్యూల్డు ప్రాంతాల బళ్ళలో ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. భాష ఎరగని పంతులు చేతిలో మంచి పుస్తకం కూడా తాళం వేసిన బీరువాయే. ఉద్యోగాల న్యాయాన్నీ, పుస్తకాల న్యాయాన్నీ వేరుచేసి మాట్లాడలేము.

కర్తవ్యం స్పష్టమే. మన కళాశాలల్లో తెలుగు చదివే కొండ ప్రాంతపు విద్యార్థులు తమ అవ్వల కథలను తమ భాషలో రాసి తేవాలి. ఒక పేజీలో ఆ భాష, ఎదుటి పేజీలో తెలుగు వుండేట్టు వాటిని అచ్చువేయాలి. కథ చెప్పిన అవ్వ పేరు అట్ట మీద వుండాలి. ఆ పుస్తకాన్ని అరకు బడిలో ఎన్ని ప్రతులు పెడతామో, మైదానపు బడుల్లోనూ అన్ని ప్రతులు పెట్టాలి. గిడుగువారు ఒంటరిగా, సొంత డబ్బుతో మొదలుపెట్టిన పని అది. మనం ఒంటరివాళ్ళమూ కాము, మనకు అచ్చుయంత్రాలూ కొరత కాదు.