ఉప్పుకు చట్టం, కొండకు ఏమిటి?

కొత్త యంత్రం, కొత్త మందు, కొత్త అలవాటు ముందు వస్తాయని, చట్టం వాటి వెనక నడుస్తుందని అంటారు. ఆదివాసీ ప్రాంతాల్లో మేము చూస్తున్నది ఇంకొకటి. ఇక్కడికి చట్టం వచ్చేసరికి అది వేరేవాళ్ల కొలతకు కుట్టిన చొక్కాలా ఉంటుంది. పెద్ద చట్టాల గురించి చాలామంది రాశారు. మేము రోజూ నోట్లో పెట్టుకునే ఉప్పుతో ఈ మాటను పరీక్షిస్తాం.

సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మడులకు పేరు పొందిన ఊరు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు ఇక్కడి నుంచే బయలుదేరి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరింది. 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. సముద్రపు ఒడ్డునూ సవర కొండల అంచునూ కలిపిన దారి అది. కొండ మీద ఉప్పు పండదు, కింది నుంచే రావాలి. కాబట్టి ఉప్పు మీద ఏ చట్టం వచ్చినా దాని బరువు రెండు చోట్ల పడుతుంది: పండించే మడిలో, తినే కొండలో.

ఉప్పు చట్టాలు మనకు కొత్త కాదు. 1805లో కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తన గుత్తకు తెచ్చుకుంది. ఉప్పు సత్యాగ్రహం తర్వాత 1931లో గాంధీ-ఇర్విన్ ఒప్పందం కొంత సడలింపు ఇచ్చింది. ఉప్పు దొరికే ఊళ్లవారు సొంత వాడకానికి తీసుకోవచ్చు, ఆ ఊళ్లలోనే అమ్ముకోవచ్చు, బయటివారికి అమ్మకూడదు. ఉప్పు దొరకని కొండవారికి ఆ సడలింపులో చోటు లేదు. దేశమంతా గెలుపుగా చదువుకునే పాఠంలో మనం గమనించాల్సిన వాక్యం ఇది.

ఇప్పటి చట్టం అయోడిన్ చుట్టూ తిరుగుతుంది. ఆహారంలో అయోడిన్ చాలకపోతే మెడ దగ్గర గ్రంథి వాచి గాయిటర్ వస్తుంది. గర్భిణికి చాలకపోతే పుట్టే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. వానలకు నేల కొట్టుకుపోయే కొండల్లో ఈ లోటు ఎక్కువ. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మొదలైన పరిశోధన అయోడిన్ ఉప్పుతో గాయిటర్ తగ్గుతుందని చూపింది. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. అంటే ఈ విద్య కొండవారి రోగం చూసి, కొండవారి మీద పరీక్షించి తెలుసుకున్నది. దీన్ని మేము కాదనడం లేదు. మా బడి పిల్లలకు ఇది కావాలి.

మా విమర్శ చట్టం నడిచిన తీరు మీద. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకూడదని 1998లో కేంద్రం నిషేధించింది. 2000లో ఎత్తేసింది. 2006లో మళ్లీ పెట్టింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లదంది. కల్తీని ఆపడానికి చేసిన చట్టం కింద అయోడిన్‌ను తప్పనిసరి చేసే అధికారం లేదని చెప్పింది. అయినా వెంటనే ఆపకుండా ఆరు నెలల గడువిచ్చింది. అదే ఆగస్టు 5 నుంచి ఆహార భద్రత చట్టం కింద కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. ఉద్దేశం మంచిదైనా సరైన చట్టం కింద చేయకపోతే ఎన్నిసార్లు తడబడాలో ఇది చూపుతోంది.

ఇక కొలత సంగతి. 2011 నాటి నిబంధనలో తయారీ దగ్గర 30 పీపీఎం, వాడేవారి దగ్గర 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నారు. దారిలో కొంత పోతుందని చట్టానికి తెలుసన్నమాట. కానీ ఆ దారి ఎంత పొడవో కొండవారికే తెలుసు. సంతలో విప్పిన బస్తా, వానాకాలపు చెమ్మ, మూత లేని డబ్బా, ఇవన్నీ ఆ దారిలోవే. పైగా పశువులకు, నిల్వ పచ్చళ్లకు, పరిశ్రమలకు మామూలు ఉప్పు అమ్మవచ్చు. ఆ పేరుతో వచ్చిన గల్లుప్పు కూరలో పడితే ఆపేవారెవరు? సంతలో కొనే ఎండుచేపలో ఉన్న ఉప్పు ఏ ఉప్పు? చట్టం పొట్లాన్ని చూసింది గాని సంతను చూడలేదు.

మడి సంగతీ అంతే. అయోడేట్ చల్లే యంత్రం, పరీక్ష, పొట్లం కట్టడం పెద్ద కంపెనీకి చిన్న ఖర్చు. నాలుగు మడులున్న రైతుకు అది గోడ. ఆ గోడ ముందు అతను ఉప్పును బస్తాల్లో వ్యాపారికి వదులుకోవాల్సిందే. చిన్న రైతులంతా కలిసి వాడుకునే యంత్రం ఉంటే మడి బతికేది, కొండకు దగ్గరి ఉప్పు చేరేది.

ఒక మంచి పని కూడా చెప్పాలి. అయోడిన్ ఉప్పుకు నవ్వే సూర్యుడి గుర్తు పెట్టారు. చదువు రాని అవ్వ కూడా గుర్తుపట్టగలదు. చట్టం మనిషిని చూసి మాట్లాడితే ఇలా ఉంటుంది. ఆ సూర్యుడు ఎందుకు నవ్వుతున్నాడో సవరలోనో, కువిలోనో చెప్పేవారుంటే ఇంకా బాగుండేది.

ఏ కొత్త నియమం వచ్చినా మనం మూడు ప్రశ్నలు అడగాలి. మనల్ని అడిగారా? కొలత ఎక్కడ తీస్తున్నారు, ఫ్యాక్టరీ గేటు దగ్గరా, మన పొయ్యి దగ్గరా? అది పని చేయని రోజున మనకు వేరే దారి ఉంచారా? డిపోలో వేలిముద్ర పడనప్పుడు, సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్‌తో హాజరు తీసుకోమన్నప్పుడు అడగాల్సినవీ ఇవే. 1996 పెసా చట్టం గ్రామసభకు గొంతు ఇచ్చింది. ఆ గొంతుతో పింఛన్ల జాబితాలే చదివించి ఊరుకుంటున్నాం.

తోటి టీచర్లకు ఒక సూచన. ఆశా కార్యకర్త దగ్గర ఉప్పు పరీక్ష కిట్ ఉంటే అడగండి. పిల్లలు ఇంటి నుంచి చెంచాడు ఉప్పు తెస్తే ఒక్కో చుక్క వేయండి. అయోడిన్ ఉంటే ఉప్పు ఊదా రంగుకు తిరుగుతుంది. ఎన్ని ఇళ్ల ఉప్పు రంగు మారింది, ఎన్నిటిది మారలేదు, ఏ ఉప్పు ఎక్కడ కొన్నారు అని పిల్లలతోనే రాయించండి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదివి, తీర్మానం రాసి, ఐటీడీఏకు పంపండి.