కన్యాశుల్కము - విద్యార్థియు నాతని యభిప్రాయమును

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును గూర్చి తఱుచుగా వినవచ్చు నాక్షేప మొకటి కలదు. ఆంగ్లవిద్య నభ్యసించు బాలుఁ డిందుఁ బరిహాసపాత్రముగాఁ జిత్రింపఁబడెననియు, అందుచే నిది నూతనవిద్యకుఁ బ్రతికూలమైన కృతి యనియుఁ గొంద ఱందురు. మేము సంస్కృతవ్యాకరణముఁ జదివినవారము. ఆంగ్లవిద్యయందు మాకుఁ బక్షపాతము లేదు. అయినను నీ యాక్షేపము నిలువఁజాలదని మా తలంపు.

కవి విజయనగరమున మహారాజావారి కళాశాలలోఁ జదివి, పిదప నందే యుపన్యాసకుఁడైనవాఁడు. విద్యార్థిదశయందే, 1883లో, సారంగధర యను నాంగ్లకావ్యమును బ్రకటించెను. నాటకము 1892లోఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో మిక్కిలి పెంపఁబడి మరల వెలువడెను. ఆంగ్లమునఁ గావ్యము వ్రాసినవాఁ డాంగ్లవిద్యను ద్వేషించెననుట యెట్లు పొసఁగును? విద్యార్థుల మాటతీరు నాయన చెవులార వినియే వ్రాసెననుట యుక్తము.

వేంకటేశము పరీక్ష తప్పి, గిరీశమును వెంటఁగొని కృష్ణరాయపురాగ్రహారమునకు వచ్చును. ఇంగ్లీషున మాటలాడుఁడని తల్లి వెంకమ్మ కోరఁగా గురుశిష్యు లిరువురును బాఠపుస్తకములలోని పాదములను బొంతన లేక యప్పగింతురు. తల్లి మురిసిపోవును, ప్రేక్షకులు నవ్వుదురు. ఈ హాస్యమునకు మూల మెయ్యది? ఆంగ్లభాష కాదు, అర్థజ్ఞానము లేని పాఠము. అట్టి పాఠమును బతంజలి మహాభాష్యమునఁ బస్పశాహ్నికమునందే నిందించెను. సూత్రమును దడవుకొనక చెప్పి, ఉదాహరణ మడిగినంతనే మౌనము వహించు శిష్యులు మన పాఠశాలలందు లేరా? మేము బహువత్సరములుగా నట్టివారిని జూచుచున్నాము. ఆ దోషమునఁ గొంత చెప్పినవారిది, అనఁగా మాదియే. కావున వేంకటేశమును జూచి నవ్వు పండితుఁడు తన తరగతిని దలఁచుకొని నవ్వవలయును.

ఇఁక నభిప్రాయముమాట. గిరీశము బుచ్చమ్మయెదుట వితంతువివాహమును సమర్థించును, అవధానులయెదుట వారి వ్యాజ్యములకుఁ దోడ్పడు వినీతుఁడగును, సౌజన్యారావుపంతులయెదుట సంస్కర్తయగును. అతనికి నభిప్రాయము వినువానినిబట్టి మార్చుకొను వస్త్రము. వేంకటేశ మతనియొద్ద నేర్చిన విద్యయు నిదియే. మఱియొక వంకఁ గరటకశాస్త్రి శిష్యుఁడు కలఁడు. వాఁ డాఁడువేషము దాల్చి, లుబ్ధావధానులకుఁ బెండ్లికూఁతురుగా నిలిచి, వేంకటేశము చెల్లెలు సుబ్బమ్మకు రానున్న యాపద నడ్డగించును. వేషము దాల్చిన బాలుఁ డొక పని చేసెను. అభిప్రాయములు నేర్చిన యన్న చెల్లెలికొఱ కేమియుఁ జేయఁడయ్యెను. ఈ రెండు పాత్రములను జోడించి చదివినఁగాని కవి తాత్పర్యము బోధపడదు.

అభిప్రాయమునకు మూల్యము చెల్లించిన విద్యార్థులు లోకమున లేకపోలేదు. 1834లో నమెరికాదేశమున, సిన్సినాటి పట్టణపు లేన్ సెమినరీ విద్యార్థులు బానిసత్వమును గూర్చి 18 రాత్రులు చర్చించిరి. పాలకు లట్టి ప్రసంగములను నిషేధింపఁగా వారిలోఁ బెక్కండ్రు విద్యాలయమునే విడిచిపోయిరి. మన రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదిని వీరేశలింగముపంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించినపుడు, బహిష్కారభయము గల యా దినములందుఁ గళాశాలావిద్యార్థు లాయనకు బాసటయై నిలిచిరి. వారును నాంగ్లపాఠములు చదివినవారే. విద్య యొక్కటియే, అది నాలుకపై నిలిచినచో వేంకటేశము, హృదయమునకు దిగినచో నా విద్యార్థులు.

నాటకమున మాకుఁ దోఁచిన కొఱత యొకటి కలదు. ఇట్టి రెండవ తెగ విద్యార్థి యొక్కఁడును రంగమునకు రాఁడు. సౌజన్యారావుపంతులు సజ్జనుఁడే కాని ప్రౌఢుఁడు, న్యాయవాది. బాలుర కాదర్శముగాఁ దోఁపఁడు. అందుచేతనే బాలురు గిరీశమునే మెచ్చుకొని, అతని మాటలనే కంఠస్థము చేయుదురు. ఆ మాటల లోఁగల వంచన నెఱుఁగక వల్లించి నవ్వు విద్యార్థి తానే వేంకటేశమగుచున్నాఁడు. కావున నీ నాటకమును బోధించు నుపాధ్యాయులు శిష్యునిచే గిరీశము పలుకులు చదివించి యూరకుండరాదు. ఆ పలుకు లెవరియెదుటఁ బలికినవో, ఏల పలికినవో చెప్పుమని యడుగవలయును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పఁగలిగిననాఁడే వాఁడు కన్యాశుల్కమును జదివినవాఁడగును.