పెరటితోటకు పుస్తకము: ఎన్నిక యెట్లు?

కావ్యము రుచింపకున్నచో చదువరి దానిని మూసి ప్రక్కన బెట్టును. నష్టము ఒక సాయంకాలము మాత్రమే. తోటపనిని గూర్చిన పుస్తకము చెడ్డదైనచో నష్టము అంతటితో పోదు. విత్తనము మొలవదు, తప్పిన అదను మరల ఏడాదికిగాని రాదు, పుస్తకములో జెప్పిన మందు కూరతోగూడ కుండలోనికి వచ్చును. ఇట్లుండియు మన విమర్శకులు కావ్యములకును నవలలకును వెచ్చించిన శ్రద్ధలో నూఱవ పాలైనను ఇట్టి గ్రంథములకు వెచ్చింపరైరి. వీనిని అంగడివాడు పొగడును, అట్టమీది రంగుల బొమ్మ పొగడును. పరీక్షించువాడు మాత్రము లేడు. ఈ కొఱతను కొంతయైన తీర్పవలెనని మేము ఈ వ్యాసమునకు బూనితిమి.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అను మూడు పట్టణములు 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రములైనవి. మూడును ప్రధానముగ పాత వరంగల్లు సీమలోనివే యైనను నేల యొకటి కాదు, వాన యొకటి కాదు. జనగామ వైపున ఎఱ్ఱని చల్క నేలలు, వర్షాభావము మెండు. మహబూబాబాదు వైపున మిరప, ప్రత్తి, కాకతీయుల నాటి బయ్యారము చెఱువు. భూపాలపల్లి వైపున అడవియు, బొగ్గుగనులును, ఉత్తరమున గోదావరియు. వాన మిగిలిన రెండింటికంటె హెచ్చు. ఈ మూడు చోట్లను ఏబది గజముల పెరడుగల గృహస్థుడు పుస్తకము కొనబోయినచో వానికి దొరకు గ్రంథము ఈ మూడింటిలో ఏ నేలను చూచి వ్రాసినది? ఇది మా మొదటి ప్రశ్న.

ఈ ప్రశ్నకు చక్కని సమాధానము ఒక పాత యాంగ్ల గ్రంథమునందు కలదు. బంగాళమున మతాచార్యుడుగా నుండిన ఫర్మింజరు 1860 దశకములో తోటపనిని గూర్చి వ్రాసిన గ్రంథమునకు బంగాళమునకును ఉత్తర హిందూస్థానమునకును అని పేరులోనే ఎల్లలు పెట్టెను. తన మాట ఎంతవఱకు చెల్లునో తానే చెప్పినవాడు నమ్మదగినవాడు. నేటి పుస్తకములలో అనేకము ఈ నిజాయితీని విడిచినవి. ఇంగ్లండున దక్షిణపు గోడ మొక్కకు వరము, ఏలయన అచ్చటివారికి ఎండ కరవు. ఆ మాటను యథాతథముగ తెనిగించి జనగామ గృహస్థునకు చెప్పుట వైశాఖమాసపు ఎండలో వాని టమాటానారును మాడ్చుటయే. మంచు కురియుట ఆగిన పిమ్మట వసంతములో విత్తుమను వాక్యము మనకు నిరర్థకము. మనకు తోట మృగశిర కార్తెతో, అనగా జూను 8 ప్రాంతమున, మొదలగును. కోసుగడ్డ, గాజరగడ్డ మొదలగు చలికాలపు కూరలు వానలు వెనుకబట్టిన తరువాత నాటవలసినవి. విత్తుకాలమును ఆంగ్లమాసములలో మాత్రమే చెప్పి కార్తె చెప్పని పుస్తకము మన పెద్దలకు సగమే తెలియును.

బెంగుళూరున వెలువడి పలుమారులు పునర్ముద్రణము నందిన గోపాలస్వామి అయ్యంగారి యాంగ్ల గ్రంథము భారతదేశపు తోటపనిని గూర్చి సమగ్రమైన దని ప్రసిద్ధి. పుష్పజాతులను తెలిసికొనుటకు అది నేటికిని ఉపకరించును. కాని బెంగుళూరు సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి చల్లదనమున నవ్వెడి పువ్వు భూపాలపల్లి వేసవిని చూడజాలదు. అట్టి గ్రంథమును చదువవలసినదే. దానిలోని మాసములను మాత్రము నమ్మరాదు.

రెండవ పరీక్ష భాషను గూర్చినది. పాలకుర్తి నేడు జనగామ జిల్లాలోనిది. జాను తెనుగును మెచ్చిన సోమనాథుడు ఆ యూరివాడు. ఏడు వందల యేండ్ల క్రిందటనే జనులకు తెలియు మాటలో వ్రాయవలెనని తలచిన కవి పుట్టిన సీమలో నేడు గృహిణి చేతికి వచ్చు పుస్తకమెట్టిది? అందులో గోంగూర యని యుండును; ఆమె దానిని పుంటికూర యనును. గంగవాయిలకూరకు పుస్తకమున వేఱొక పేరుండును, లేదా అది కలుపుమొక్కల పట్టికలో చేరియుండును; ఆమె దానిని పప్పులో వండును. సారవంతమగు ఒండ్రునేలను మనసున నుంచుకొని వ్రాసినవాడు చల్క యను మాటనే ఎఱుగడు. ఇది పదముల తగవు మాత్రము కాదు. పేరు తెలియనిచో మొక్క తెలియదు. మొక్క తెలియనిచో దానికి చెప్పిన చికిత్స వేఱొకదానికి జరుగును. ఒక్కొక్క మొక్కకు కోస్తా పేరును, తెలంగాణపు పేరును, శాస్త్రనామమును మూడును ఇచ్చిన పుస్తకమే కొనదగినది.

మొక్క స్వభావమును చెప్పుటయు ఇందులోనిదే. పందిరి చిక్కుడును తొలకరిలో పెట్టి, శ్రావణమున పూత రాలేదని పీకివేయు ఇండ్లు కలవు. మన పాత తీగచిక్కుడు పగటిపొద్దు తగ్గినగాని పూయదు. చలికాలమే దాని కాపుకాలము. ఈ యొక్క వాక్యము వ్రాయని గ్రంథము పది పుటలలో ఎరువులను వర్ణించినను ఏమి ఫలము?

మూడవ పరీక్ష కొలతలది. వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు వెలువరించు వ్యవసాయ పంచాంగము నమ్మదగినది, క్రొత్త విషయములు చేర్చుకొనునది. కాని అందు లెక్క ఎకరమునకు. సుభాష్ పాలేకరు గారి పద్ధతిని తెలుపు పుస్తకములు మన పల్లెలకు విరివిగా వచ్చినవి. వారు చెప్పిన జీవామృతము ఎకరమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గోమూత్రము, గుప్పెడు మన్ను కలిపి చేయునది. ఎకరమన 4840 చదరపు గజములు. ఏబది గజముల పెరటికి ఈ లెక్కను దించినచో ఇంచుమించు 2 లీటర్ల నీరు, 100 గ్రాముల పేడ, 20 గ్రాముల బెల్లము చాలును. ఈ భాగహారము రచయిత చేయవలసినది; చదువరి నెత్తిన బెట్టరాదు. అది చేయనందుననే కొందఱు పీపాలు నింపి వారములకొలది కంపు భరించి పద్ధతినే నిందించుచున్నారు, మఱికొందఱు ఎక్కువ పోసినచో ఎక్కువ మేలని తలచుచున్నారు.

ఇక నాలుగవది, అన్నిటికంటె గురుతరమైనది. పుస్తకము చేత బట్టగనే మొదట తెఱువవలసినది పురుగుల యధ్యాయము. ఎండోసల్ఫాను 2011లో సుప్రీంకోర్టు ఉత్తరువుచే దేశమంతట నిలిచినది. మోనోక్రోటోఫాసును కూరగాయలపై వాడరాదని 2005లోనే కేంద్ర ప్రభుత్వము శాసించినది. ఈ రెండు పేళ్లలో ఏదైన వంగ, బెండల క్రింద కనబడినచో ఆ పుస్తకము ఎంత అందమైనదైనను అంగడివానికి తిరిగి ఇచ్చివేయవలెను. పాత గ్రంథమును సవరింపక క్రొత్త అట్ట వేసి అమ్ముట ప్రకాశకునకు లాభమే కావచ్చును. కొన్నవానికి అది విషపు సలహా. 2013 జూలైలో బీహారులోని సారణ జిల్లా పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో ఈ మోనోక్రోటోఫాసే కలిసియుండెనని తేలినది. ప్రత్తి, మిరప పండు మన సీమలో చేనికి తెచ్చిన మందులో మిగిలినది ఇంటి చూరున నుండుట అరుదు కాదు. పెరటి వంగకు పురుగు పట్టినప్పుడు చేయి దానివైపు పోకుండ ఆపవలసినది పుస్తకమే. వేపగింజల పొడిని లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నానబెట్టి వడకట్టి చల్లుట వంటి సులభోపాయమును ముందు చెప్పి, ఏ మందు చల్లిన ఎన్నాళ్లకు కోయవచ్చునో పిమ్మట చెప్పిన గ్రంథకర్తనే మేము గౌరవింతుము.

ఈ సందర్భమున రెండు గ్రంథములను ప్రత్యేకముగ తలపవలసియున్నది. జపానుకు చెందిన ఫుకువోకా 1975లో ప్రకటించిన గ్రంథము గడ్డిపరకతో విప్లవము అను పేర తెలుగున వచ్చి చాలమంది మనసులను మార్చినది. మనసు మార్చుకొనుటకు అది యుత్తమము. చేతిపనికి దానిని సూత్రగ్రంథముగా గొనుట పొరపాటు. ఏడాది పొడుగున తేమ గల షికోకు ద్వీపమున నేలను కప్పు పచ్చిక మన చల్కలో మే మాసము దాటదు. రెండవది కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దెతోటను గూర్చి వ్రాసినది. తన మిద్దెమీద తాను పండించినదానిని తాను చెప్పిన పుస్తకమగుటచే దానికి మేము అగ్రస్థానము నిత్తుము. అనువాదములు పది కలసిన ఒక స్వానుభవమునకు సరిరావు. ఐనను మిద్దెతోటను గూర్చిన యే గ్రంథమును చదువువారైనను బరువు సంగతి మఱువరాదు: తడిసిన మన్ను ఘనపుటడుగునకు ఇంచుమించు 45 మొదలు 50 కిలోల వఱకు తూగును. పాత పెంకుటిండ్ల, రేకుల యిండ్ల వారికి, గని కార్మికుల నివాసములలో బదిలీ వఱకే యుండువారికి, నేలమీది మడులును మూడు నెలలకు కాచు కూరలునే మేలు. వారికి మామిడి అంటులను గూర్చి నలువది పుటలు వ్రాసి ప్రయోజనము లేదు.

ఇంతవఱకు చెప్పిన గ్రంథములలో దాదాపు అన్నిటికిని సామాన్యమైన లోపము లింకను రెండు. ఒకటి, కోతుల ప్రసంగము లేకపోవుట. మన జిల్లాలలో పెరటికి పురుగుకంటె ముందు వచ్చు శత్రువు కోతి. వల ఎట్లు కట్టవలెనో, ఏ పంట గుమ్మమునకు దగ్గరగ నుండవలెనో చెప్పక పండ్లతోటను వర్ణించువాడు మన వీథిలో ఒక్క దినమైనను నిలిచి చూడనివాడని స్పష్టము. రెండవది ఇంతకంటె లోతైనది. పుస్తకములు “రైతు సోదరులారా” యని పిలుచును. పెరటిలో నీరు పోయునది, అంట్లు తోమిన నీటిని అరటిపాదునకు మళ్లించునది, ఎండిన సొరబుఱ్ఱలో విత్తనమును దాచునది సోదరుడు కాదు, ఇంటి ఆడుది. ఆమె యెఱిగినదానిని వ్రాసికొన్నవాడు లేడు, ఆమెకొఱకు వ్రాసినవాడును అరుదు. స్త్రీవిద్యను గూర్చి శతాబ్దమునకు పైగా ఉపన్యసించిన మనము ఆమె ప్రతిదినము చేయు శాస్త్రమును ఆమెపేర ఒక్క పుస్తకములోనైన గౌరవింపకుండుట సిగ్గుచేటు.

కావున కొనువారికి మా సలహా సంగ్రహముగ నిది. రచయిత తోట ఏ యూర నున్నదో, పుస్తకము ఏ యేట సవరింపబడినదో మొదట చూడుడు. తెలిసిన మొక్క యొకటి తీసి, దాని పేరును కాలమును సరిగా చెప్పెనో లేదో పరీక్షింపుడు. పెరటి కొలత యున్నదా యని వెదకుడు. విషముల పుటను తప్పక చదువుడు. సందేహమున్నచో మహబూబాబాదు దగ్గరి మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానమును, కృషి విజ్ఞాన కేంద్రమును అడుగవచ్చును. ఉద్యాన విశ్వవిద్యాలయము ములుగులో నున్నదని విని భూపాలపల్లి వారు ప్రక్కనున్న ములుగునకు పోరాదు. అది సిద్దిపేట జిల్లాలోని ములుగు.

గ్రంథాలయములవారికి ఒక విన్నపము. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో వెలసినది. హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలి 1906లో పుట్టినది. శాస్త్రము తెలుగున లేకున్న జనము బాగుపడదని ఆ పెద్దలు గ్రహించిరి. ఆ కృషికి వారసులమని చెప్పుకొను మనము మూడు జిల్లాల గ్రంథాలయములందును తోటపనికి ఒక అర కేటాయించి, ప్రతి పుస్తకపు అట్టలోపల రెండు కాగితములు అంటింపవలెను: ఒకదానిపై స్థానికమైన పేళ్లు, కార్తెలు, రెండవదానిపై నిషిద్ధములైన మందుల జాబితా. దీనికి పెద్ద సొమ్ము అక్కఱలేదు; ఊరిలోని నలుగురు గృహిణులను, ఒక ఉద్యానాధికారిని ఒకనాడు కూర్చుండబెట్టిన చాలును. మంచి గ్రంథము వ్రాయబడువఱకు ఉన్న గ్రంథములను ఇట్లైనను నిరపాయము చేయుట మన విధి. అట్టి కాగితములు పది చేరినచో మనము కోరు గ్రంథమే వానినుండి పుట్టును.